సీనియర్ సూపర్‌హీరో కామిక్స్ రచయితను ఇంటర్వ్యూ చేయబోయే అభిమాని ఏం అడగాలి?

హనుమకొండ నుంచి తెలుగులో కామిక్స్ పాడ్‌కాస్ట్ నడుపుతున్న మీకు, 1970లలో రంగంలోకి వచ్చిన ఒక అమెరికన్ సూపర్‌హీరో రచయిత గంటసేపు మాట్లాడటానికి ఒప్పుకున్నారని, ఎన్నో ఇంటర్వ్యూలు ఇచ్చిన ఆయనను కొత్తగా ఏం అడగాలో, అభిమానం అడ్డు రాకుండా ఎలా అడగాలో చెప్పమని రాశారు. వరంగల్‌లో మిత్రులతో కలిసి ఇలాంటి పాడ్‌కాస్టే కొన్నేళ్లు నడిపి, అదే తరానికి చెందిన ఒక రచయితతో మాట్లాడిన అనుభవంతో ఈ సమాధానం రాస్తున్నాను. ఆయన చెప్పిన సంగతుల్లో కొన్ని ప్రసారం కోసం చెప్పినవి కావు కాబట్టి పేరు రాయడం లేదు. నా సలహా సూటిగా చెబుతాను: ఆయన రాసిన పాత్రల కంటే ఆయన చేసిన పని గురించి ఎక్కువగా అడగండి, ఒక్కో పేజీ ఎలా తయారైందో చెప్పించండి.

అభిమానులకు మొదట తోచే ప్రశ్నలకు ఆయన దగ్గర సమాధానాలు ఎప్పుడో సిద్ధమై ఉంటాయి. 1973 జూన్ తేదీతో వచ్చిన 'అమేజింగ్ స్పైడర్‌మ్యాన్' 121వ సంచికనే తీసుకోండి. పీటర్ పార్కర్ ప్రేమించిన గ్వెన్ స్టేసీ అందులో చనిపోతుంది. ఆ కథ రాసేనాటికి జెర్రీ కాన్వే ఇరవై ఏళ్ల కుర్రవాడు. ఆమె మరణాన్ని ఎవరు నిర్ణయించారు, అప్పటి మార్వెల్ ప్రచురణకర్త స్టాన్ లీకి ముందే తెలుసా అని అభిమానులు యాభై ఏళ్లుగా అడుగుతూనే ఉన్నారు, ఆ పనిలో పాలుపంచుకున్నవారు తలా ఒక రకంగా చెబుతూనే వచ్చారు. అదే సంచికలో, వంతెన మీది నుంచి పడిపోతున్న గ్వెన్ కాలిని సాలెదారం పట్టుకున్న ప్యానెల్‌లో (పేజీలోని ఒక్కో బొమ్మగడిలో), ఆమె మెడ పక్కన 'స్నాప్' అని చిన్న శబ్దాక్షరాలు కనిపిస్తాయి. ఆమె పడటం వల్ల మరణించిందా, కాపాడబోయిన హీరో వల్లే మరణించిందా అనే చర్చకు మూలం అదే. తర్వాత 125వ సంచిక ఉత్తరాల పేజీలో సంపాదకులు, ఒక్కసారిగా ఆగడంతో తగిలిన కుదుపే ఆమె ప్రాణం తీసిందని వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది. ఆ అక్షరాలు ప్లాట్‌లోనే, అంటే కథాసారంలోనే ఉన్నాయా, పెన్సిల్ బొమ్మలు వేసిన గిల్ కేన్ సూచించారా, సంభాషణలు రాసే దశలో చేరాయా అని అడిగితే రచయిత తన బల్ల దగ్గరికి తిరిగి వెళ్లి ఆలోచించాల్సి వస్తుంది. మీ అతిథి కథల్లో ఇలాంటి ప్యానెళ్లను నాలుగైదు వెతికి పెట్టుకోండి.

అలా అడగాలంటే ఆ రోజుల్లో కామిక్ తయారయ్యే తీరు మీకు ముందే తెలిసి ఉండాలి. 1960లలో స్టాన్ లీ, చిత్రకారులు జాక్ కిర్బీ, స్టీవ్ డిట్కో పనిచేసిన విధానం నుంచి స్థిరపడిన 'మార్వెల్ పద్ధతి'లో రచయిత ముందుగా కథాసారం మాత్రమే చెబుతారు లేదా రాసి ఇస్తారు. దాన్ని పేజీలుగా, ప్యానెళ్లుగా విడగొట్టి, ఏ సంఘటనకు ఎంత చోటు ఇవ్వాలో నిర్ణయించి గీసేది చిత్రకారుడు. ఆ పెన్సిల్ పేజీలు తిరిగి వచ్చాకే రచయిత సంభాషణలు, వ్యాఖ్యానం రాసి, మాటల బెలూన్లు ఎక్కడ పెట్టాలో గుర్తు పెడతారు. మార్వెల్‌కు పోటీ సంస్థ అయిన డీసీలో ఎక్కువగా నడిచిన పూర్తి స్క్రిప్టు పద్ధతిలో ప్రతి ప్యానెల్ వర్ణననూ, ప్రతి మాటనూ రచయితే ముందుగా రాసి ఇస్తారు.

మన ప్రాంతం వారికి మొదటి పద్ధతిని అర్థం చేయించడానికి చేర్యాల పటం ఒక్కటి చాలు. నకాషీ చిత్రకారులు కులపురాణాన్ని గుడ్డ మీద వరుసగా బొమ్మలుగా గీసి ఇస్తారు, పటం కథకులు దాన్ని కొంచెం కొంచెంగా విప్పి చూపుతూ కథ చెబుతారు. బొమ్మలో కనిపించని భావాన్ని కథకుడి గొంతు పూరిస్తుంది. మార్వెల్ రచయిత పెన్సిల్ పేజీ ముందు కూర్చుని చేసే పని ఇంచుమించు ఇదే. మేము మా అతిథికి ఒక చేర్యాల పటం ఫొటో పంపి ఈ సంగతి వివరించాం. ఆయన ఎంతో ఆసక్తిగా విని, చిత్రకారుడు గొప్పగా గీసిన పేజీల్లో తాను తగ్గించుకున్న మాటల గురించి, తన ప్లాట్‌లో లేని సన్నివేశం పెన్సిళ్లలో కనిపించినప్పుడు దానికి తగినట్టు మిగతా కథను మలుచుకున్న సందర్భాల గురించి చాలాసేపు మాట్లాడారు. ఆ ఎపిసోడ్‌లో శ్రోతలు ఎక్కువగా మెచ్చుకున్న భాగం అదే, నాకు ఇప్పటికీ ఎంతో ఇష్టమైన భాగమూ అదే.

ప్రశ్నలు ముందుగా పంపాలా అని కూడా అడిగారు. విషయాలు రెండు మూడు వాక్యాల్లో చెప్పి, ప్రశ్నలకు బదులు పేజీల స్కాన్లు పంపండి. నలభై, యాభై ఏళ్ల కిందట నెలకు రెండు మూడు పత్రికలు రాసిన మనిషికి సంచిక సంఖ్య చెబితే ఏమీ గుర్తుకు రాకపోవచ్చు, పేజీ చూస్తే ఆ చిత్రకారుడు, ఆ నెల గడువు, ఎడిటర్ వేసిన కొర్రీ అన్నీ గుర్తుకొస్తాయి. స్కాన్లు వీలైనంత వరకు అసలు సంచికలవే అయి ఉండాలి, ఎందుకంటే సంకలనాల్లో సాధారణంగా ఉత్తరాల పేజీలు, ప్రకటనలు ఉండవు, చాలాసార్లు రంగులు కూడా కొత్తగా వేస్తారు. హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద దొరికిన విడి సంచికలే మాకు ఈ విషయంలో అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చాయి. పెన్సిళ్లు, ఇంకులు, అక్షరాలు, రంగులు ఎవరెవరివో 'గ్రాండ్ కామిక్స్ డేటాబేస్' అనే వెబ్‌సైట్‌లో సరిచూసుకుని, ఆ పేర్లను ప్రశ్నల్లోనే చెప్పండి. తన పక్కన పనిచేసిన లెటరర్ (బెలూన్లలో అక్షరాలు రాసే వ్యక్తి) పేరు వరంగల్‌లో ఒకరికి తెలుసని వినగానే మా అతిథి గొంతులో వచ్చిన మార్పు రికార్డింగులో కూడా తెలుస్తుంది.

తేదీల విషయంలో ఒక జాగ్రత్త తీసుకోండి. అట్ట మీద ఉండే నెల, పత్రిక దుకాణానికి వచ్చిన నెల ఒకటి కావు; అట్ట తేదీ సాధారణంగా రెండు మూడు నెలలు ముందుకు ఉండేది, రచన అంతకు మరికొన్ని నెలల ముందే పూర్తయ్యేది. పేజీల సంఖ్య కూడా చూసుకోండి. 1970ల చివరలో మార్వెల్ మామూలు పత్రికల్లో కథకు 17 పేజీలే ఉండేవి, 1980లలో అవి 22 అయ్యాయి. ఆ అయిదు పేజీలు వచ్చాక ఏం రాయగలిగారు, అవి లేనప్పుడు ఏం వదులుకున్నారు అని అడిగి చూడండి. సూపర్‌హీరోలంటే ఆసక్తి లేని శ్రోతకు కూడా రచన గురించి నేర్చుకోవడానికి అందులో ఎంతో దొరుకుతుంది.

డబ్బు, హక్కుల ప్రస్తావన తప్పకుండా తీసుకురండి, అయితే గంటలో సగం గడిచి ఆయనకు మీ మీద నమ్మకం కుదిరాకే తీసుకురండి. 1938లో సూపర్‌మ్యాన్ సృష్టికర్తలు జెర్రీ సీగల్, జో షుస్టర్ ఆ పాత్ర హక్కులను 130 డాలర్లకు వదులుకున్నారు. 1975లో గానీ వారికి ఏటా 20,000 డాలర్ల చొప్పున భృతి, కథల మీద పేర్లు దక్కలేదు. బ్యాట్‌మ్యాన్ సృష్టిలో బిల్ ఫింగర్ పాత్రకు అధికారిక గుర్తింపు 2015లో, ఆయన చనిపోయి నలభై ఏళ్లు దాటాక వచ్చింది. మీ అతిథి తరం వారికి పేజీకి ఇంత అని చెల్లించేవారు, చెక్కు వెనుక హక్కులు వదులుకుంటున్నట్టు ముద్ర ఉండేది, సంతకం పెడితేనే డబ్బు చేతికి వచ్చేది; 1978లో కొత్త కాపీరైట్ చట్టం అమల్లోకి వచ్చాక దానికి బదులు ఒప్పంద పత్రాలు వచ్చాయి. ఎంత సంపాదించారని అడగడం మర్యాద కాదు. లెక్క ఎలా కట్టేవారు, ఆ పత్రం ముందు పెట్టినప్పుడు తోటివారు ఏమనుకున్నారు అని అడగడంలో తప్పులేదు. తాను రూపొందించిన పాత్ర సినిమాగా కోట్లు సంపాదించడం చూసిన మనిషితో మాట్లాడుతున్నామని గుర్తుంచుకుని, సమాధానం చెప్పకుండా ఆగే హక్కు ఆయనకు ఉందని ముందే చెప్పండి.

అభిమాని కావడం లోపమని మీరు అనుకుంటున్నట్టున్నారు. నేను అలా అనుకోను. 1961లో జెర్రీ బెయిల్స్ అనే అధ్యాపకుడు 'ఆల్టర్ ఈగో' అనే అభిమానుల పత్రిక మొదలుపెట్టారు. తొలినాళ్ల కామిక్స్‌లో చాలావాటి మీద రచయితల, చిత్రకారుల పేర్లే ఉండేవి కావు; వారికి ఉత్తరాలు రాసి, ప్రశ్నపత్రాలు పంపి, ఎవరు ఏం చేశారో బెయిల్స్, ఆయన తోటి అభిమానులు సేకరించిన సమాచారమే ఈనాటి చరిత్రకు పునాది. ఆ పత్రికకు మొదటి నుంచీ రాసిన రాయ్ థామస్ 1972లో మార్వెల్ ప్రధాన సంపాదకుడయ్యారు. మీరు చేయబోయే గంట సంభాషణ కూడా ఆ కోవలోదే. అందుకే ప్రశంసను మొదటి రెండు నిమిషాల్లో మనస్ఫూర్తిగా చెప్పేసి, మిగతా సమయమంతా ఆయనకే వదిలిపెట్టండి. ఆయన చెప్పిన సంగతి ఇతరులు గతంలో చెప్పినదానికి భిన్నంగా ఉంటే మధ్యలో ఖండించకండి. ఎపిసోడ్ చివర రెండో కథనాన్ని కూడా శ్రోతలకు వినిపించండి. ముఖ్యంగా చనిపోయిన చిత్రకారుల విషయంలో ఇది మన బాధ్యత.

భాష గురించి పెద్దగా దిగులు పడకండి. మేము ఇంగ్లిషులో మాట్లాడి, ఒక్కో భాగం తర్వాత తెలుగులో వివరణ చేర్చాం. తెలుగులో ఆయనను 'గారు' అనే ప్రస్తావించాం, ఇంగ్లిషులో మాత్రం ఆయన కోరినట్టు పేరు పెట్టి పిలవడానికి కొంచెం సమయం పట్టింది. సమయం విషయానికి వస్తే, న్యూయార్క్ మనకంటే వేసవిలో తొమ్మిదిన్నర గంటలు, చలికాలంలో పదిన్నర గంటలు వెనుక ఉంటుంది; మార్చి రెండో ఆదివారం, నవంబరు మొదటి ఆదివారం అక్కడ గడియారాలు మారతాయి కాబట్టి ఆ వారాల్లో తేదీ పెట్టుకుంటే మరోసారి సరిచూసుకోండి. వారికి ఉదయం పది అంటే మనకు రాత్రి ఏడున్నర లేదా ఎనిమిదిన్నర, పెద్ద వయసు వారికి ఆ వేళ హాయిగా ఉంటుంది. ఇరువైపులా గొంతులను వేర్వేరు ఫైళ్లుగా రికార్డు చేయండి. ప్రసారానికి ముందు పూర్తి పాఠాన్ని టైపు చేసి ఆయనకు పంపి, పేర్లు, తేదీలు సరిచూడమని కోరండి. మా పాఠంలో ఆయన ఒక ఇంకర్ (పెన్సిల్ గీతల మీద సిరా వేసే చిత్రకారుడు) పేరు సరిదిద్ది, ఆ వ్యక్తి గురించి అప్పటికప్పుడు మరో పేజీ రాసి పంపారు, దాన్ని ఎపిసోడ్‌కు అనుబంధంగా చదివి వినిపించాం.