పునీతుల ఇంట్లోనూ అలకలుంటాయి

ప్రశ్న: మాది విజయవాడ, పటమట. ఆర్.సి.ఎం. (రోమన్ క్యాథలిక్) కుటుంబం. ఈస్టర్ అయిపోయింది, పిల్లల పరీక్షలూ అయిపోయాయి, ఇక జూన్ దాకా పొద్దున పదకొండు నుంచి సాయంత్రం అయిదు వరకు తలుపులేసుకుని కూర్చోవడమే మా పని. మా అత్తయ్యగారు తెలుగే చదువుతారు, తొమ్మిదో తరగతికొచ్చిన మా అమ్మాయి ఇంగ్లీషు తప్ప ముట్టదు, నేను రెండూ చదువుతాను. నాకు కుటుంబాల జ్ఞాపకాల పుస్తకాలంటే ఇష్టం, అందులోనూ క్యాథలిక్ ఇళ్ళ గురించైతే మరీ ఇష్టం. కానీ మా బీరువాలో ఉన్నవన్నీ పునీతుల (సెయింట్స్) చరిత్రలే. అందులో వాళ్ళంతా పుట్టిన రోజు నుంచే మంచివాళ్ళు! రెండు పేజీలు తిప్పేసరికి నాకు నిద్రొచ్చేస్తుంది (ఇది కూడా పాపసంకీర్తనంలో ఫాదర్‌కి చెప్పుకోవాలేమో). సరదాగా చదివించేవి ఏమైనా ఉంటే చెప్పండి.

జవాబు: నిద్ర రావడం పాపమేమీ కాదమ్మా. ఫ్రాన్సులో మఠకన్యగా ఉన్న పునీత చిన్న తెరేజమ్మ గారే ప్రార్థన చేస్తూ చేస్తూ నిద్రలోకి జారుకునేదాన్నని స్వయంగా రాసుకుంది, పైగా పిల్లలు మెలకువగా ఉన్నా నిద్రపోతున్నా తల్లిదండ్రులకు ముద్దే కదా అని సర్దిచెప్పుకుంది కూడా.

మీ బీరువాలోంచి ఆవిడ పుస్తకం ఒక్కటీ బయటికి తీయండి. ఉండే ఉంటుంది. లేకపోతే ఇంగ్లీషులో ‘స్టోరీ ఆఫ్ ఎ సోల్’ అని సులువుగానే దొరుకుతుంది. తీసి పునీతుల వరసలో కాకుండా ఇంటి కథల వరసలో పెట్టండి, ఎందుకంటే అది మొదలైందే అలా. మఠంలో మదర్‌గా ఉన్న సొంత అక్క, నీ చిన్నప్పటి సంగతులన్నీ రాసిపెట్టు అని పురమాయిస్తే, 1895లో పని మధ్య దొరికిన కాస్త తీరికలో నోటు పుస్తకంలో రాసుకుంటూ పోయింది. 1897లో, ఇరవై నాలుగేళ్ళకే, క్షయతో పోయింది. మరుసటి ఏడాది అది అచ్చయింది. ముందు భాగమంతా అక్కచెల్లెళ్ళ గోలే. పెద్దదైపోయాననుకున్న ఓ అక్క తన బొమ్మలూ గుడ్డముక్కలూ ఉన్న బుట్ట తెచ్చి మీకు కావలసింది తీసుకోండర్రా అంటే, ఇంకో అక్క మర్యాదగా ఒక్క దారపు ఉండ తీసుకుంది, ఈ చిన్నది కాసేపు ఆలోచించి, నాకన్నీ కావాలి అని బుట్టంతా ఎత్తుకెళ్ళింది! ఇంకో రోజు వాళ్ళమ్మ మెడ చుట్టూ చేతులేసి, నువ్వు చచ్చిపోతే ఎంత బావుంటుందో అమ్మా, అందట. తిట్టబోతే, నువ్వేగా చచ్చిపోతేనే పరలోకానికి వెళ్తామని చెప్పావు అని ఎదురు జవాబు. మన ఇళ్ళల్లో అయితే వీపు పగిలేది.

ఆ అమ్మ జెలీ. ఆవిడ రాసిన ఉత్తరాలు రెండొందలకు పైగా ఇంగ్లీషులో పుస్తకంగా వచ్చాయి, మీకు నిజంగా నచ్చేది అదేనని నా అనుమానం. ఫ్రాన్సులో అలెన్సోన్ అనే ఊళ్ళో లేసు అల్లించి అమ్మే వ్యాపారం ఆవిడది. ఉత్తరాల నిండా ఇవే: సరుకు వేళకి అందలేదు, పనిమనిషి మాట వినదు, మూడో అమ్మాయిని ఎలా దారిలో పెట్టాలో తెలియడం లేదు, తలనొప్పి, మళ్ళీ కడుపుతో ఉన్నాను... పుట్టిన తొమ్మిదిమందిలో నలుగురు పోయారు, చివరికి రొమ్ము క్యాన్సర్‌తో 1877లో ఆవిడా పోయింది, అప్పటికి చిన్న పిల్లకి నాలుగేళ్ళు. ఆవిడనీ, ఆవిడ భర్తనీ 2015లో పునీతులుగా ప్రకటించారు. ఉత్తరాలు చదువుతున్నంతసేపూ మాత్రం ఆవిడ మన వీధిలో చీరల బిజినెస్ చేసుకుంటూ నలుగురు పిల్లల ఫీజులు కట్టే ఆవిడలాగే కనపడుతుంది. నేనైతే ఏకబిగిన అరవై పేజీలు చదివాను, పొయ్యి మీద పాలు పొంగిపోయాయి.

నాకో అలవాటుంది. ఇలాంటి పుస్తకం కొనేముందు ఏలూరు రోడ్డు మీద కొట్లోనే నిలబడి మధ్యలో ఎక్కడో నాలుగు పేజీలు చదువుతాను. ఆ నాలుగింట్లో వంటిల్లు గానీ, డబ్బు గొడవ గానీ, ఎవరో ఒకరి అలక గానీ తగలకపోతే మళ్ళీ అరలో పెట్టేస్తాను. ఎంత భక్తి ఉన్నా ఇల్లు లేని పుస్తకం ఎండాకాలం మధ్యాహ్నానికి ఆగదు.

మీ అమ్మాయికి ‘ది సౌండ్ ఆఫ్ మ్యూజిక్’ సినిమా చూపించే ఉంటారు. దాని వెనకున్న అసలు పుస్తకం మరియా ట్రాప్ రాసిన ‘ది స్టోరీ ఆఫ్ ది ట్రాప్ ఫ్యామిలీ సింగర్స్’, 1949లో వచ్చింది. సినిమా చూసినవాళ్ళకి దీన్ని చదవడం భలే సరదా, ఎందుకంటే ప్రతి అధ్యాయంలోనూ ‘అరే, అలా కాదా!’ అనుకుంటాం. ఈవిడ పుట్టిందే రైల్లో, 1905లో. మఠంలో కన్యగా చేరబోతుంటే, భార్య పోయిన ఓ కెప్టెన్ గారింట్లో జబ్బుపడి లేచిన ఒక్క పిల్లకి చదువు చెప్పడానికి పంపారు, సినిమాలోలా ఏడుగురికీ కాదు. కెప్టెన్ గారు నిజానికి మెత్తని మనిషి, ఇంట్లో కోపిష్టి ఈవిడే. ఆయనతో పెళ్ళయ్యాక ఇంకో ముగ్గురు పుట్టి మొత్తం పదిమందయ్యారు. కొండలెక్కి పారిపోవడం కూడా సినిమా వాళ్ళ కల్పనే, 1938లో అందరూ చక్కగా రైలెక్కి ఇటలీ వెళ్ళిపోయారు! పిల్లల్ని ఈలతో పిలవడం మాత్రం నిజమే.

నాకు అన్నిటికన్నా నచ్చింది బ్యాంకు దివాలా తీసిన ఘట్టం. ఆస్తి మొత్తం పోయింది, కెప్టెన్ నీరుగారిపోయాడు, ఈవిడ మాత్రం నౌకర్లని మాన్పించి, ఇల్లు సర్దేసి, గదులు అద్దెకిచ్చి, ఒక గదిని ప్రార్థనాలయం చేసేసింది. అక్కడ పూజ చెప్పడానికి వచ్చిన ఫాదరే వాళ్ళకి పాటలు నేర్పి బృందంగా తయారుచేశాడు. అంటే డబ్బు పోకపోతే ఆ పాటలూ లేవు, ఆ సినిమా కూడా లేదు. దొరలాంటి మనిషి తన పిల్లలు స్టేజీ ఎక్కి డబ్బులకి పాడతారా అని ఎంత నలిగిపోయాడో చదివితే, మన ఊళ్ళల్లో పెద్దింటివాళ్ళు మెస్ పెట్టుకోవాల్సి వచ్చినప్పటి మొహాలు గుర్తొస్తాయి.

అమ్మాయికే ఇంకొకటి, ‘చీపర్ బై ది డజన్’. ఇది క్యాథలిక్ ఇల్లు కాదు కానీ పిల్లల సంఖ్యలో మన పాతకాలపు విచారణ (చర్చి పరిధి) కుటుంబాలకి ఏమాత్రం తీసిపోదు, పన్నెండు మంది. తండ్రి ఫ్యాక్టరీల్లో ఏ పని ఎన్ని సెకన్లలో అవుతుందో లెక్కకట్టే ఇంజనీరు, ఆ లెక్కలే ఇంట్లోనూ. ఈయనా ఈల వేసేవాడే, వేయగానే పిల్లలందరూ ఎక్కడున్నా పరుగెత్తుకుని రావాలి, చేతిలో స్టాప్‌వాచి. పిల్లలకి టాన్సిల్స్ ఆపరేషన్ చేయిస్తూ డాక్టర్ల చేతి కదలికలు లెక్కపెట్టడానికి దాన్ని ఫిల్మ్ తీయించాడు. పెద్దయ్యాక ఇద్దరు పిల్లలు కలిసి 1948లో ఈ పుస్తకం రాశారు. ఒక్క సంగతి. ఆ పన్నెండు మందిలో ఒక పాప అయిదేళ్ళప్పుడే డిఫ్తీరియాతో పోయింది, ఆ సంగతి మీద పుస్తకం దాదాపు నోరు విప్పదు. నవ్వించే ఇంటి కథల్లో ఇలా మూసి ఉంచిన గది ఒకటి ఉంటుంది. అది తెలిసి చదివితే ఆ నవ్వుల మీద గౌరవం పెరుగుతుంది, నాకైతే పెరిగింది.

‘ఏంజెలాస్ యాషెస్’ గురించి ఎవరైనా చెబితే తొందరపడి ఇప్పుడే తెరవకండి. ఫ్రాంక్ మెకోర్ట్ రాసింది, 1996లో వచ్చింది, గొప్ప పుస్తకం, పులిట్జర్ బహుమతి కూడా వచ్చింది. ఐర్లాండులో లిమరిక్ అనే ఊరు, ఆగని వాన, జీతమంతా తాగేసే తండ్రి, ఆకలి, చిన్నపిల్లల చావులు. కానీ మధ్యలో ఆ పిల్లవాడు మొదటిసారి సత్ప్రసాదం (పూజలో క్రీస్తు శరీరమని నమ్మి తినే అప్పం) తీసుకున్న రోజు కథ ఒకటుంది చూశారూ... అమ్మమ్మ ఇంట్లో టిఫిన్ తిని పెరట్లో కక్కేసుకుంటాడు. దేవుణ్ణి నా పెరట్లో పడేశాడు, ఇప్పుడేం చెయ్యాలి అని ఆ ముసలమ్మ వాణ్ణి పాపసంకీర్తనానికి తరుముతుంది. నీళ్ళతో కడిగెయ్యమని ఫాదర్ చెప్తే, మంత్రించిన నీళ్ళా, మామూలు నీళ్ళా కనుక్కురా అని మళ్ళీ పంపుతుంది. ఆ పేజీ అత్తయ్యగారికి మీరే తెలుగులో చెప్పండి, గుణదల కొండెక్కేటప్పుడు జపమాల పట్టుకుని ఇలాంటి సందేహాలడిగే పెద్దమ్మలు ఆవిడకి పదిమందైనా తెలిసే ఉంటారు. మిగతా పుస్తకం జులైలో, వానలు పడ్డాక చదువుకోండి.

ఇక అత్తయ్యగారు. ఆవిడ చేతిలో ముందు ముళ్ళపూడి వెంకటరమణ గారి ‘కోతి కొమ్మచ్చి’ పెట్టండి. అది ఏ మతం వాళ్ళింట్లోనైనా చదివించేస్తుంది, కష్టాన్ని చెప్తూనే నవ్విస్తాడాయన, కథ ఒక కొమ్మ మీంచి ఇంకో కొమ్మ మీదికి దూకుతూనే ఉంటుంది, మధ్యలో నిద్రపోయి లేచినా తెగినట్టుండదు. తర్వాత ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’. ముస్లిం ఇల్లు, నెల్లూరు యాస. వీధిలో తక్కువమంది ఉండే మతంలో పుట్టిన పిల్లలకి పండగలూ స్నేహాలూ తిండీ ఎలా ఉంటాయో మీ అత్తయ్యగారికి ఒకరు చెప్పక్కర్లేదు, పేర్లు మార్చుకుని చదివేసుకుంటారు. పద్యం మీద ఇష్టముంటే జాషువా గారి ‘నా కథ’ ఉండనే ఉంది. వినుకొండలో 1895లో పుట్టి క్రైస్తవుడిగా పెరిగిన పిల్లవాడు బడిలోనూ ఊళ్ళోనూ ఏం భరించాడో ఆయన నోటితోనే వినొచ్చు. సరదా పుస్తకమని చెప్పను, కానీ మన వైపు పుస్తకం. ఆయన కూతురు హేమలతా లవణం గారు ‘మా నాన్నగారు’ అని రాశారు, తండ్రి పద్యాలు, ఆ వెంటనే కూతురి మాటలు, ఆ వరసలో చదివితే బావుంటుంది.

ప్రశ్న: గుంటూరు అరండల్‌పేటలో ఉంటాను, రిటైర్డ్ టీచర్ని. మా పూర్వీకులది ఫిరంగిపురం వైపు, మూడు తరాలుగా క్యాథలిక్కులం. మా ఇంటి సంగతులు మనవల కోసం రాద్దామని కూర్చుంటే మూడో పేజీకే ఆగిపోయింది. ఎవరికీ తేదీలు గుర్తులేవు. మా అక్క ఒకటి చెబితే మా తమ్ముడు కాదంటాడు. ఇంట్లో గొడవలయ్యేలా ఉన్నాయి.

జవాబు: మాస్టారూ, తేదీలకైతే మీకున్నంత అదృష్టం మాకు లేదు. మీ విచారణలో జ్ఞానస్నానాల పుస్తకం, పెళ్ళిళ్ళ పుస్తకం, మరణాల పుస్తకం రాసి ఉంచడం తిరుసభ (క్యాథలిక్ చర్చి) చట్టం ప్రకారం తప్పనిసరి, పాతవాటిని కూడా జాగ్రత్తగా దాచాలి. ఆదివారం పూజ అయ్యాక గుమిగూడే జనంలో కాకుండా, మామూలు రోజున ముందుగా ఫోన్ చేసి విచారణ గురువుల్ని అడగండి. పాత పేజీలు లాటిన్‌లో ఉంటే భయపడకండి, ‘ఫిలియుస్’ అంటే కొడుకు, ‘ఫిలియా’ అంటే కూతురు, ‘పాత్రినుస్’ అంటే జ్ఞానతండ్రి, ‘మాత్రినా’ జ్ఞానతల్లి. మన పేర్లని దొర ఫాదర్లు చెవికి ఎలా వినిపిస్తే అలా రాసుకున్నారు కాబట్టి ఇంటిపేరుని నాలుగైదు రకాలుగా వెతకాలి. జ్ఞానస్నానం రాసిన చోటే పక్కన మార్జిన్‌లో ఆ మనిషి పెళ్ళి వివరం కూడా రాస్తారు, దాన్ని వదిలెయ్యకండి. మీ గుంటూరు మేత్రాసనం (బిషప్ గారి పరిధి) మద్రాసు నుంచి విడిపోయి ఏర్పడింది 1940లో, అంతకుముందు సంగతులు వెతికేటప్పుడు అప్పట్లో మీ వైపు మద్రాసు కిందే ఉండేదని గుర్తుంచుకోండి.

పుస్తకంలో దొరకనివాటికి ఊరి గుర్తులు అడగండి. ఏ సంవత్సరం అని అడిగితే ఎవరూ చెప్పలేరు, కానీ దివిసీమ ఉప్పెనకి ముందా తర్వాతా అంటే వెంటనే చెప్తారు, అది 1977 నవంబరు 19. ప్రకాశం బ్యారేజీ తెరిచింది 1957లో, సాగర్ కాలవలకి నీళ్ళొదిలింది 1967లో. మీ వైపు పొలాలున్న ఇళ్ళల్లో ఈ చివరిది బాగా పనికొస్తుంది, నీళ్ళొచ్చిన ఏడాది ఎవరూ మర్చిపోరు.

అక్కా తమ్ముళ్ళ గొడవకి మాత్రం ఒక అమెరికన్ రచయిత్రి దారి చూపించింది, మేరీ మెకార్తీ. ‘మెమరీస్ ఆఫ్ ఎ క్యాథలిక్ గర్ల్‌హుడ్’ అని 1957లో రాసింది. 1918 ఫ్లూలో ఆరేళ్ళకే తల్లినీ తండ్రినీ పోగొట్టుకుని బంధువుల ఇంట్లో పడింది. ఆవిడ ఏం చేసిందంటే, అధ్యాయం అయిపోగానే వెనకే ఇటాలిక్ అక్షరాల్లో, ఇందులో ఇది ఖాయం, ఇది నా ఊహేమో, ఇక్కడ మా తమ్ముడి మాట వేరు అని తన మీద తనే దర్యాప్తు పెట్టుకుంది. రేకు సీతాకోకచిలుక బొమ్మ ఒకటి దొంగిలించావని చిన్నప్పుడు మావయ్య చావగొట్టాడు. ఆ మావయ్యే దాన్ని మేరీ కూర్చునే చోట పెట్టాడని కథ రాసి, తీరా చివర్లో, ఈ మాట నాకు నిజంగా తెలుసా, లేక కాలేజీలో టీచర్ అలా అయ్యుంటుందని ఊహిస్తే నా తలకెక్కిందా అని తనే సందేహపడింది. మీరు కూడా అలాగే చెయ్యండి. పైన మీ మాట, కింద అక్కగారి మాట, దానికింద తమ్ముడి మాట. ముగ్గురి చేతా సంతకాలు పెట్టించండి. ఎవరిది నిజమో తేల్చకండి, తేల్చారంటే సంక్రాంతికి ఎవరో ఒకరు రారు.

ప్రశ్న: మా ఆవిడ నాలుగు రోజులుగా ఏదో ఇంగ్లీషు పుస్తకం పట్టుకుని పగలబడి నవ్వుతోంది. ఎందుకని అడిగితే ‘మీ నాన్నగారు గుర్తొచ్చారు’ అంటోంది. పుస్తకం పేరు చెప్పదు. నాకు టెన్షన్‌గా ఉంది. (గుంటూరు, బ్రాడీపేట)

జవాబు: అది పైన చెప్పిన పన్నెండుమంది పిల్లల పుస్తకమే అయ్యుంటుంది. అందులో నాన్నగారు కోటు లోపలి వెయిస్ట్‌కోటు గుండీలు పైనుంచి పెడితే ఏడు సెకన్లు, కిందనుంచి పెడితే మూడే అని లెక్క తేల్చి, జన్మంతా కిందనుంచే పెట్టుకున్నాడు. రేపు పొద్దున మీ నాన్నగారు చొక్కా వేసుకునేటప్పుడు ఓసారి తొంగి చూడండి.