మీ ప్రశ్న – మా జవాబు: శ్రీశైలం నీళ్ళు ముందు దేనికి?

ప్రశ్న: శ్రీశైలంలో మట్టం పడిపోతున్నా కరెంటు తీస్తూనే ఉంటారు. మా కాలువకేమో నీళ్ళు అందవు. కరెంటా, సాగా అన్నది ఎలా తేల్చాలి?
– ఒక డిగ్రీ విద్యార్థిని, నంద్యాల

జవాబు: అమ్మా, నేను 28 ఏళ్ళు జలవిద్యుత్ కేంద్రాల్లో పనిచేశాను. మా మేనమామ మీ వైపే మిరప వేసేవాడు. ఒక దసరాకి వెళ్తే అన్నం వడ్డిస్తూనే అడిగాడు: "ఏం అల్లుడా, మీ లైట్లకు మా మిరప ఎండాల్నా?" ఆ రోజు నా దగ్గర జవాబు లేదు.

శ్రీశైలం మొదలైందే కరెంటు ప్రాజెక్టుగా, 1963లో. నిండు మట్టం 885 అడుగులు. 854 అడుగుల కిందికి దిగితే మీ వైపు కాలువలకు నీళ్ళు వదిలే పోతిరెడ్డిపాడు తూములకు నీళ్ళు సరిగా ఎక్కవు. టర్బైన్లకు మాత్రం ఇంకా కిందివరకూ అందుతాయి. గొడవంతా అక్కడే.

ఒక టీఎంసీ (వంద కోట్ల ఘనపుటడుగులు) నీళ్ళు 80 మీటర్ల ఎత్తు నుంచి టర్బైన్లకు దిగితే సుమారు 55 లక్షల యూనిట్ల కరెంటు వస్తుంది. అదే టీఎంసీతో ఆరుతడి పంట దాదాపు 10 వేల ఎకరాల్లో పండుతుంది. చాలామంది ఈ రెంటినీ రూపాయల్లోకి మార్చి పోలుస్తారు. నేను ఒప్పుకోను. యూనిట్లు బొగ్గుతోనో ఎండతోనో తెచ్చుకోవచ్చు. మీ కాలువకు నీళ్ళు ఇంకెక్కడినుంచి తెస్తాం?

అలాగని కరెంటు ఆపేయమనను. టర్బైను దాటిన నీళ్ళు వృథా కావు, నాగార్జునసాగర్‌కే చేరతాయి. అక్కడి ఆయకట్టుకూ, హైదరాబాద్ తాగునీటిలో కొంత భాగానికీ అవే ఆధారం. కాబట్టి తేల్చాల్సింది ఏ నెలలో ఎంత వదలాలి, ఏ గంటల్లో వదలాలి అన్నదే. జూన్‌లోనే తాగునీటికెంత, ఏ కాలువకెంత అని నెలవారీ పట్టిక వేసుకోవాలి. వరదలో అన్ని టర్బైన్లూ తిప్పండి. వరద తగ్గాక సాగర్‌కు కావలసినంతే, అదీ వాడకం పెరిగే సాయంత్రాల్లో వదలండి.

ఎడమ గట్టున 150 మెగావాట్ల టర్బైన్లు ఆరున్నాయి. అవి వెనక్కి తిరిగి పంపుల్లా కూడా పనిచేస్తాయి. దిగువన నీళ్ళు నిలిచి ఉంటే, మధ్యాహ్నం మిగిలే సోలార్ కరెంటుతో పైకి ఎత్తుకోవచ్చు. సుమారు 4 యూనిట్లు ఖర్చుపెడితే 3 తిరిగొస్తాయి. నీళ్ళు మిగిలే చోట ఆ నష్టం నాకు సమ్మతమే.

మట్టం రోజూ పేపర్లో వస్తుంది కదా. ఆగస్టు నుంచి రాసిపెట్టు తల్లీ. ఏ తేదీన 854 దిగిందో, ఆ వారం మీ కాలువలో నీళ్ళున్నాయో లేదో నాకు రాయి.