వెళ్లేముందు జ్ఞానస్నానం సర్టిఫికెట్ తీసుకున్నారా?

మొన్న సెలవుకి ఊరొచ్చాను. పాలకొల్లు దగ్గర, కాలువ గట్టున ఉంటుంది మా ఊరు. ఆదివారం మా కథోలిక గుడిలో పూజ అయ్యాక మెట్ల దగ్గర చెప్పులు వెతుక్కుంటుంటే ఒకావిడ కొడుకుని నా ముందుకి తోసింది. "ఆయ్, వీడు ఆగస్టులో టెక్సాస్ వెళ్తున్నాడండి. అక్కడ గుడీ గోపురం సంగతులేంటో కాస్త చెప్పండి, వీడికి నోరు లేదు" అంది. వాడి వెనక ఇంకో ఇద్దరు చేరారు. ఫాదర్ గారు టీ తాగి లోపలికి వెళ్లేసరికి ఆరుగురయ్యారు. నేను డల్లాస్ పక్కన ఇరవై రెండేళ్లుగా ఉంటున్నాను, హాస్పిటల్లో నర్సుని. ఆ మెట్ల మీద చెప్పినవి కొన్ని, ఇంటికొచ్చి అన్నం తింటుంటే గుర్తొచ్చినవి కొన్ని, ఇక్కడ రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు, వెళ్లిన నెలలోపే దగ్గర్లోని విచారణలో, అంటే పారిష్‌లో, పేరు నమోదు చేయించుకోండి. మనకి ఇది వింతగా ఉంటుంది. మన ఊళ్లో విచారణే మనల్ని వెతుక్కుంటూ వస్తుంది. మూడు ఆదివారాలు కనపడకపోతే ఫాదర్ గారికి సాయంగా ఉండే ఉపదేశి గారు సైకిలేసుకుని వచ్చి "ఏమ్మా, ఒంట్లో బాగోలేదా" అని గుమ్మంలోంచే అడుగుతారు. అక్కడ ఎవరూ రారు. నేను ఎనిమిది నెలలు ఒకే గుడికి, ఒకే బెంచీకి వెళ్లాను. పక్కనున్నవాళ్లు నవ్వేవాళ్లు, శాంతి చెప్పేటప్పుడు చెయ్యి కలిపేవాళ్లు, పూజ అవగానే కార్లెక్కి వెళ్లిపోయేవాళ్లు. మన రంగు చూసి దూరం పెడుతున్నారేమో అనుకుని లోపల్లోపల కుమిలిపోయాను కూడా. తర్వాత స్నేహితురాలి పాపకి జ్ఞానతల్లిగా (గాడ్‌మదర్‌గా) ఉండాలంటే, ఈమె ఆచరిస్తున్న కథోలికురాలే అని మా విచారణ నుంచి ఉత్తరం కావాలన్నారు. ఆఫీసుకెళ్తే సెక్రటరీ కంప్యూటర్లో చూసి, "మీరు మా దగ్గర లేరే" అంది. ఎనిమిది నెలలుగా ఉన్నాను బాబూ అంటే, "ఫారం నింపలేదు కదా" అంది. ఆవిడ తప్పేం లేదు. శ్రీసభ, అంటే కథోలిక సంఘం, చట్టం ప్రకారం ఇల్లు ఏ విచారణ హద్దుల్లో ఉంటే మనం ఆ విచారణ వాళ్లమే. కానీ అమెరికాలో ఆఫీసు పనులన్నీ ఆ ఒక్క పేజీ ఫారం మీద నడుస్తాయి. అది నింపాక ఫోన్లు వచ్చాయి, కొత్తవాళ్ల భోజనానికి పిలుపూ వచ్చింది.

ఫారం ఇచ్చాక మీ నంబరుతో కవర్లు వస్తాయి, లేదా ఆన్‌లైన్‌లో కట్టమంటారు. ఇది చూసి మనవాళ్లు "వెళ్లగానే డబ్బులు" అని ముఖం మాడ్చుకుంటారు. మన ఇళ్లలో కోతలయ్యాక గుడికి ధాన్యం బస్తా వెళ్లేది కదా, అలాంటిదే అనుకోండి. చదువుకునే పిల్లలైతే ఐదు డాలర్లు వేసినా ఎవరూ ఏమీ అనుకోరు. కవరు మీద నంబరుంటే జనవరిలో ఏడాది లెక్క పంపుతారు. ఒకేసారి 250 డాలర్లు, ఆపైన ఇస్తే పన్ను మినహాయింపుకి ఆ రాతపూర్వక రసీదు ఉండి తీరాలి.

ఇక కాగితాలు. నా అసలు బాధ ఇక్కడే. పాస్‌పోర్టుకీ వీసాకీ ఫైళ్లకి ఫైళ్లు సర్దుకుంటారు, జ్ఞానస్నానం సర్టిఫికెట్ మాత్రం ఎవరికీ గుర్తుండదు. అమెరికాలో పెళ్లికీ, జ్ఞానతల్లిదండ్రులుగా నిలబడడానికీ, భద్రమైన అభ్యంగనానికీ (కన్ఫర్మేషన్‌కి) అది అడుగుతారు. పెళ్లికైతే ఆర్నెల్ల లోపు కొత్తగా రాయించిందే కావాలంటారు. ఎందుకంటే ఒక మనిషికి అభ్యంగనమైనా పెళ్లైనా, ఎక్కడ జరిగినా ఆ కబురు జ్ఞానస్నానం జరిగిన గుడికి వెళ్లి అక్కడి పుస్తకంలో ఆ పేరు పక్కనే ఎక్కాలి. కొత్త సర్టిఫికెట్ మీద ఆ పక్క రాతలు కూడా దిగుతాయి. ఇదివరకు పెళ్లి కాలేదని అక్కడి ఫాదర్ గారికి దాంతో తెలుస్తుంది. అందుకని ఇప్పుడొకటి తీసుకోండి, పెళ్లి కుదిరాక మళ్లీ ఒకటి తెప్పించుకోండి.

నా పెళ్లికి ఆ కాగితం కోసం మా అమ్మ పడ్డ తిప్పలు ఇంకా కళ్లముందున్నాయి. నేను పుట్టేనాటికి మా ఊరు వేరే విచారణ కింద ఉపగ్రామం. తర్వాత మా ఊరే విచారణైంది. అమ్మ ఇక్కడి ఆఫీసు చుట్టూ మూడుసార్లు తిరిగింది, నా పేరు దొరకలేదు. దొరకదు మరి, పుస్తకం పాత విచారణలోనే ఉండిపోయింది. చివరికి అక్కడికెళ్తే ఫాదర్ గారు బీరువాలోంచి గుడ్డ అట్ట రిజిస్టరు తీశారట. చెదలు ఓ మూల తినేసింది. నీలం సిరా వెలిసిపోయింది. వేలు పెట్టి ఒక్కో వరసా దిగుతూ వస్తే మా నాన్న పేరు దొరికింది, నా పేరు ఉండాల్సిన చోట మాత్రం ఎవరో ఇంకో పిల్ల! అది నేనే. జ్ఞానస్నానం పేరు ఒకటి, స్కూల్లో రాయించింది ఇంకోటి.

మన దగ్గర చాలా ఇళ్లలో రెండేసి పేర్లు ఎందుకుంటాయో మీకు నేను చెప్పక్కర్లేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన దళితులకి ఎస్సీ హోదా లేదు. మన రాష్ట్రంలో వాళ్లని బీసీ-సీలో పెట్టారు. దాంతో స్కూల్లో ఒక పేరు, గుడిలో ఒక పేరు. ఎవరినీ తప్పుపట్టడానికి ఈ మాట ఎత్తలేదు. కాకపోతే అక్కడి సెక్రటరీకి ఈ కథంతా తెలీదు, ఆవిడకి రెండు వేర్వేరు మనుషులు కనిపిస్తారు. కాబట్టి సర్టిఫికెట్ తీసుకునేటప్పుడే రెండు పేర్లూ ఒకరివేనని ఫాదర్ గారి చేత లెటర్‌హెడ్ మీద రాయించుకోండి, సంతకం, ముద్రతో సహా. అమ్మానాన్నల పేర్లు, పుట్టిన తేదీ పాస్‌పోర్టుతో సరిపోయాయో లేదో ఆ గదిలోంచి బయటికి రాకముందే చూసుకోండి. పెళ్లి కాగితాలు మేత్రాసన (డయోసిస్) కార్యాలయాల మీదుగా వెళ్తాయి, అంటే మనకి ఏలూరు. 1976లో విజయవాడ నుంచి విడిపోయి ఏలూరు మేత్రాసనం ఏర్పడింది కాబట్టి, పెద్దవాళ్ల పాత కాగితాల మీద విజయవాడ పేరు కనిపిస్తే కంగారుపడకండి.

పెళ్లి ఊసెత్తాను కాబట్టి ఇంకో మాట. అన్నవరంలోనో రిజిస్ట్రారు ఆఫీసులోనో పెళ్లి చేసుకుని వెళ్లినవాళ్లు "మేమింక పూజలో సత్ప్రసాదం (కమ్యూనియన్) తీసుకోకూడదటగా" అని గుడికే రావడం మానేస్తున్నారు. మానకండి. వెళ్లి ఫాదర్ గారికి ఉన్నదున్నట్టు చెప్పండి. అవతలివారు జ్ఞానస్నానం పొందనివారైనా, పీఠాధిపతి (బిషప్) గారి అనుమతితో ఆ పెళ్లిని శ్రీసభలో సరిచేసుకునే దారి ఉంది. దానికోసం వాళ్లు మతం మారక్కర్లేదు. అమెరికాలో ఇలాంటి జంటలు విచారణకి బోలెడుమంది, ఎవరూ వింతగా చూడరు. అక్కడే కొత్తగా పెళ్లి చేసుకునేవాళ్లు మాత్రం కనీసం ఆర్నెల్ల ముందే ఫాదర్ గారిని కలవాలి. హాలు బుక్ చేసి, కార్డులు కొట్టించి, ఆఖర్న గుడికి వెళ్లే మన పద్ధతి అక్కడ సాగదు.

చనిపోయినవారి పేరున పూజ చెప్పించడంలోనూ నాకు గట్టి దెబ్బే తగిలింది. నాన్న పోయిన మొదటి ఏడాది, ఆ తేదీన పొద్దున పూజకి ఐదు నిమిషాల ముందు ఇరవై డాలర్ల నోటు మడిచి పట్టుకుని ఫాదర్ గారు పూజకి తయారయ్యే గది, సాక్రిస్టీలోకి వెళ్లాను. మన దగ్గర అంతే కదా, చీటీ మీద పేరు రాసిస్తే ఫాదర్ గారు పదిమంది పేర్లతో కలిపి చదివేస్తారు. ఆయన ఒక చెయ్యి ఆల్బులో, అంటే పూజకి వేసుకునే తెల్ల అంగీలో, దూర్చి, రెండో చెయ్యి ఇంకా బయటే పెట్టుకుని నా నోటు వంక చూశారు. ఆ రోజు పూజ ఎవరికోసమో నెలల క్రితమే పుస్తకంలో రాసేశారు, గుడి కరపత్రంలో అచ్చైపోయింది కూడా. అక్కడ సాధారణంగా ఒక పూజకి ఒకే ఉద్దేశం. నా ముఖం చూసి ఆయనే, "విశ్వాసుల ప్రార్థనలో మీ నాన్నగారి పేరు చేరుస్తాను, ఎలా పలకాలో చెప్పండి" అన్నారు. మూడుసార్లు చెప్పించుకుని, అచ్చం మా నాన్న పేరులాగే పలికారు. నేను బెంచీ దాకా ఎలా నడిచొచ్చానో నాకే తెలీదు. మీరు మాత్రం ఏడాది మొదట్లోనే ఆఫీసుకెళ్లి తేదీ రాయించుకోండి. చాలా చోట్ల కానుక పది డాలర్లే.

గుడిలో నడక గురించి పిల్లలు తెగ టెన్షన్ పడుతున్నారు. బూట్లు విప్పక్కర్లేదు. చాపలు ఉండవు. ఆడవాళ్లొకవైపు మగవాళ్లొకవైపు ఉండదు, ఇంటిల్లిపాదీ ఒకే బెంచీలో కూర్చుంటారు. తలమీద ముసుగు వేసుకుంటే మీ ఇష్టం, వేసుకోకపోతే ఎవరూ అడగరు. మనం చెప్పులు విప్పడం, కింద కూర్చోవడం, చేతులు జోడించి శాంతి చెప్పడం పల్లెటూరి అలవాట్లని సిగ్గుపడేవాళ్లని చూశాను. 1969లో రోము అనుమతితోనే భారతదేశ పూజకి ఇవి వచ్చాయి. మీరు నమస్కారం పెడితే అక్కడివాళ్లూ తిరిగి పెడతారు. శనివారం సాయంత్రం పూజకి వెళ్తే ఆదివారానికి చెల్లుతుంది, రాత్రి షిఫ్టులు చేసే మాలాంటివాళ్లకి అదే దిక్కు. పాపసంకీర్తనం (కన్ఫెషన్) కూడా చాలా చోట్ల శనివారం మధ్యాహ్నమే. ఇంగ్లీషు తడబడితే కాగితం మీద రాసుకెళ్లి చదవచ్చు, చేసినదానికి పశ్చాత్తాపపడే మనస్తాప జపం తెలుగులో చెప్పుకోవచ్చు. నేనిప్పటికీ తెలుగులోనే చెబుతాను.

తపస్సు కాలం (ఈస్టర్‌కి ముందు ఉపవాస దినాలు) వస్తే మాత్రం నవ్వొస్తుంది. అది మొదలయ్యే విభూది బుధవారం నుంచి మన ఇళ్లలో నీచు వంటింటి గడప తొక్కదు. అక్కడ శుక్రవారాలు మాంసం మాని, గుడి హాల్లోనే చేపలు వేయించి అమ్ముతారు! నైట్స్ ఆఫ్ కొలంబస్ అని, 1882లో మొదలైన కథోలిక మగవాళ్ల సంఘం, వాళ్లే ఏప్రన్లు కట్టుకుని వేయిస్తారు. గోదావరి ఒడ్డున పుట్టినవాడికి చేప తినడం తపస్సెలా అవుతుందని మా ఆయన మొదటేడు గొణిగాడు. ఇప్పుడు టార్టర్ సాస్ ప్యాకెట్లు పంచేది ఆయనే. పదిమందితో పరిచయం కావాలంటే పూజలో కావు, ఆ హాల్లో బల్లలు సర్దేచోట అవుతాయి. ఆ పనికి పేరివ్వండి.

పిల్లలున్నవాళ్లకి: సత్యోపదేశం (క్యాటికిజం) క్లాసులకి వేసవిలోనే పేర్లు రాయించుకుంటారు. మొదటి సత్ప్రసాదం రెండో తరగతిలో ఇస్తారు, చాలా విచారణల్లో దానికి రెండేళ్ల తయారీ కావాలి. ఒక ఏడు తప్పితే ఆ ఏడు పోయినట్టే. పిల్లలకి మీరే చెప్పాలనుకుంటే నేర చరిత్ర లేదని తనిఖీ చేస్తారు, పిల్లల భద్రత మీద శిక్షణ ఇస్తారు. "మమ్మల్ని దొంగల్లా చూస్తున్నారు" అని ఒకాయన అలిగి మానేశాడు. పిల్లల మీద జరిగిన అఘాయిత్యాలు బయటపడ్డాక 2002లో అమెరికా పీఠాధిపతులు డల్లాస్‌లోనే కూర్చుని పెట్టిన నియమావళి అది. ఫాదర్లకీ అదే తనిఖీ. నాకైతే మన దగ్గర కూడా గట్టిగా ఉండాలనిపిస్తుంది.

తెలుగు ప్రార్థన కూటాలు అపార్టుమెంటుకొకటి ఉంటాయి, ఎక్కువగా ప్రొటెస్టెంటులవి. నరసాపురం, రాజమండ్రి వైపు మిషన్ల వాళ్ల పిల్లలు, అంటే మన చుట్టాలే. పాటలకి, పప్పుచారుకి తప్పకుండా వెళ్లండి. వాళ్ల బల్లలో రొట్టె మాత్రం తీసుకోకండి, ఆదివారం పూజ మానకండి. మరియమాత మీద వాదన మొదలైతే గిన్నెలు కడగడానికి లేచిపోవడం నా పద్ధతి.

రాజోలు వైపు నుంచి వచ్చిన ఒకమ్మాయి వెనక నిలబడి ఆఖర్న అడిగింది, కువైట్‌లో ఇంటి పనికి వెళ్లిన వాళ్లక్క సంగతి. అక్కడ శుక్రవారం సెలవు కాబట్టి ఆదివారపు పూజే శుక్రవారం కూడా చేస్తారు, కువైట్ సిటీలో పవిత్ర కుటుంబ (హోలీ ఫ్యామిలీ) గుడి ఉంది. "శుక్రవారం కూడా బయటికి పంపరండి" అంది. వెళ్లలేని చోట వెళ్లకపోతే పాపం కాదని చెప్పమన్నాను. జపమాల చాలు, అది కూడా వీలైనప్పుడే. ఆ పిల్ల తలూపింది కానీ కదల్లేదు. నంబరు తీసుకున్నాను.

టెక్సాస్ కుర్రాడిని మంగళవారం పదింటికి ఆఫీసుకి రమ్మన్నారు ఫాదర్ గారు. ఆధార్, పదో తరగతి సర్టిఫికెట్ జిరాక్సులు పట్టుకెళ్లమన్నాను. వాళ్లమ్మ మాత్రం వాడికి జ్ఞానస్నానం నరసాపురంలో పుట్టింటి దగ్గర జరిగిందని అప్పుడు చెప్పింది.