మంచు కరగకముందే గుడ్లు మొదలవుతాయి

కావలి నుంచి వచ్చి ఒహాయోలో స్థిరపడుతున్న ఒక జంట అడిగారు: "పెరట్లో నాలుగు పెట్టలున్నాయి. రెండేళ్లవి. నవంబరు నుంచి ఒక్క గుడ్డు లేదు. పొదుగుకొచ్చుంటాయి, నీళ్లలో ముంచి వదలమని అమ్మ ఫోన్లో చెబుతోంది. ముంచమంటారా?"

ముంచకండి. ఈ చలిలో తడిస్తే పెట్ట దక్కదు.

అమ్మగారు చెప్పింది మన ఊళ్లో సరైన మాటే. నాటుకోడి పది పదిహేను గుడ్లు పెట్టి పొదుగుకు కూర్చుంటుంది. కూర్చున్న పెట్ట గూట్లోంచి లేవదు, చెయ్యి పెడితే ఈకలు ఉబ్బించి పొడుస్తుంది. మీవి దొడ్డంతా తిరుగుతున్నాయంటున్నారు కదా, అది పొదుగు కాదు. వాటికి వెలుతురు చాలడం లేదు.

కోడిని గుడ్డుకు సిద్ధం చేసేది ఎండ వేడి కాదు, పగటి పొడవు. నెల్లూరులో డిసెంబరులో కూడా పగలు 11 గంటలకు తగ్గదు. అందుకే కోళ్లకు ఇలాంటి సీజన్ ఒకటుందని మనకు తెలియనే తెలియదు. ఒహాయోలో ఆ రోజుల్లో పగలు 9 గంటల చిల్లరే. పైగా చలికాలం ముందు అవి పాత ఈకలు రాల్చి కొత్తవి వేసుకుంటాయి. ఈక అంటే చాలావరకు ప్రోటీనే, తిన్నదంతా దానికే పోతుంది.

ఫిబ్రవరిలో పెరట్లో మంచు ఉన్నా పగలు రోజుకు రెండు నిమిషాల పైనే పెరుగుతుంది. ఆ పెరుగుదలే వాటికి కబురు. పాలిపోయిన తురాయి ఎర్రబడుతుంది, మీరు దగ్గరికెళితే పెట్ట నేలకు ఒదిగి కూర్చుంటుంది. అలా కూర్చుంటోందంటే గుడ్డు ఇక ఎంతో దూరం లేదు. మార్చి 20 ప్రాంతానికి పగలు 12 గంటలు దాటుతుంది, మేలో 14కు చేరేసరికి మీరే ఇరుగుపొరుగుకు పంచుతారు.

ఇప్పుడు చేయాల్సింది మేత మార్చడం. నూకలు, మిగిలిన అన్నం వేసి ఊరుకోకండి. 16 శాతం ప్రోటీన్ ఉన్న లేయర్ ఫీడ్ (గుడ్లు పెట్టే కోళ్ల దాణా) పెట్టండి, గుడ్డు పెంకు గట్టిపడటానికి ఆల్చిప్పల ముక్కలు వేరే గిన్నెలో ఉంచండి. మొదట్లో గట్టి పెంకు లేని తోలుగుడ్డు పెడితే టెన్షన్ పడొద్దు. గూట్లో లైటు పెట్టి చలికాలమంతా పెట్టించేవాళ్లున్నారు. నాకైతే ఆ కొన్ని నెలలు వాటిని వదిలేయడమే ఇష్టం. హీట్ ల్యాంపు మాత్రం ఎవరు చెప్పినా వద్దు, ఎండుగడ్డికి నిప్పంటుకుంటుంది. గుడ్లు గడ్డకట్టి పగలకుండా రోజుకు రెండుసార్లు ఏరండి.

వసంతంలో అడవి బాతులు ఎగిరొస్తాయి, వాటితో బర్డ్ ఫ్లూ రావచ్చు. 2024 ఫిబ్రవరిలో మన నెల్లూరు జిల్లా పొదలకూరు మండలం చాటగుట్లలో బర్డ్ ఫ్లూ వచ్చింది గుర్తుందా? అమెరికాలోనూ 2022 నుంచి అదే బెడద. మేత, నీళ్లు అడవి పక్షులకు అందకుండా పైకప్పు కింద పెట్టండి.

ఒక్క మాట. వయసు పెరిగే కొద్దీ గుడ్లు తగ్గుతాయి. పెట్టని కోడిని పులుసుకు కోద్దామనుకుంటే ముందు మీ సిటీ రూల్స్ చదవండి. పెట్టల్ని పెంచుకోనిచ్చే చాలా ఊళ్లలో పుంజు ఉండకూడదు, పెరట్లో కోయకూడదు.