అందని ద్రాక్షలో ‘పుల్లన’ ఏమైంది?

సందేహం: “సామాన్యుడికి అందని ద్రాక్షగా సొంతిల్లు” అని పేపర్లో హెడ్డింగ్ చూశాను. కొనలేనివాడు ఇల్లు మంచిది కాదని అనలేదు కదా! ఈ వాడుక తప్పు కాదా? ఇంకో మాట. చిన్నప్పటినుంచీ ఆ నక్కను చూస్తే నాకు నవ్వు రాదు, జాలేస్తుంది. కథలో నీతి నాకే ఎక్కలేదంటారా?

సమాధానం: మీ అనుమానం సబబే. పూర్తి సామెత “అందని ద్రాక్ష పుల్లన”. ఈసప్ కథలోంచి వచ్చింది. ఎగిరెగిరి అందక, “ఛీ, పుల్లటి కాయలు” అనుకుంటూ నక్క తన దారిన పోతుంది. సామెత పట్టు అందకపోవడం మీద కాదు, అందనిదాన్ని తీసిపారేయడం మీద ఉంది. ఉద్యోగం రానివాడు “ఆ కంపెనీలో చాకిరీ ఎవడు చేస్తాడండీ” అన్నాడనుకోండి, అదీ అసలైన వాడుక. ఈఎంఐ లెక్కలు వేసుకుని నిట్టూర్చేవాడికి ఇది అతకదు.

హెడ్డింగుల్లో ‘పుల్లన’ రాలిపోయి, ‘అందని ద్రాక్ష’ అంటే వట్టి ‘అందనిది’ అయి కూర్చుంది. ఇప్పుడు తప్పని కొట్టేసినా వినేవాళ్లు లేరు. నేనైతే అలా రాయను. అందనిదాని కోసం ఆశపడటానికి “అందని మానిపండ్లకు అర్రులు చాచడం” అనే చక్కటి పలుకుబడి మనకుంది. ధర సంగతైతే “కొండెక్కింది” చాలు.

దీన్ని “ఆడలేక మద్దెల ఓడు”తో కలిపేసేవాళ్లూ ఉన్నారు. అక్కడ తప్పు మద్దెల మీదికి నెడతారు, ఆటను మాత్రం చిన్నచూపు చూడరు. పరీక్ష తప్పినవాడు “సిలబస్‌లో లేనివి ఇచ్చారు” అంటే మద్దెల. “ఆ డిగ్రీకి విలువేముందిలే” అంటే ద్రాక్ష.

ఇక మీ జాలి. లాటిన్‌లో ఈ కథను పద్యంగా రాసిన ఫీడ్రస్, తమకు చేతకానిదాన్ని మాటలతో తక్కువ చేసేవాళ్లకు ఇది తగులుతుందని చురక పెట్టాడు. 1668లో ఫ్రెంచి కవి లా ఫాంటేన్ మాత్రం, ఏడుస్తూ కూర్చోవడంకన్నా అదే నయం కదా అని నక్క పక్షం తీసుకున్నాడు. నా ఓటూ ఆయనకే. పాపం, అది ఎవర్నీ మోసం చేయలేదు, తనకు తాను సర్దిచెప్పుకుంది, అంతే. పిల్లలకు కథ చెప్పేటప్పుడు మనం అలవాటు కొద్దీ “జిత్తులమారి నక్క” అని మొదలుపెడతాం. నీతిచంద్రికలో సింహానికీ ఎద్దుకూ మధ్య చిచ్చుపెట్టిన దమనకుడికైతే ఆ విశేషణం అతికినట్టు సరిపోతుంది. ద్రాక్షతోటలో నక్కకు అక్కర్లేదు.