సీసాల సంగతి ఎవరూ అడగలేదు

ప్రశ్న: మేడం, ప్రజారోగ్యంలో పీజీ చేసి ఉద్యోగంలో చేరి ఐదు నెలలైంది. విరేచనాల కేసులు పెరిగితే రెండు రాత్రులు మేలుకుని లైన్ లిస్ట్ (ఒక్కో రోగి వివరాలు ఒక్కో వరుసలో రాసే జాబితా), మ్యాపు, గ్రాఫులు అన్నీ నేనే తయారు చేశాను. మీటింగులో 22 స్లయిడ్లు చూపించాను. ల్యాబ్ వాళ్లు ఫోన్లు చూసుకున్నారు. నీటి సరఫరా ఇంజినీరు మొహం మాడ్చుకుని కూర్చున్నారు. చివర్లో మా ఆఫీసర్ "ఇంతకీ నన్నేం చేయమంటావ్?" అన్నారు. నోట మాట రాలేదు. స్పీకింగ్ కోర్సు ఏదైనా చేయమంటారా?

జవాబు: కోర్సు డబ్బులు దాచుకోండి. లోపం ఎక్కడుందో మీరే రాశారు: "అన్నీ నేనే". ఇంజినీరు గారి పైపుల పక్కన ఎర్ర చుక్కలు పెట్టి, అందరి ముందూ తెర మీద ఆయనకు మొదటిసారి చూపించారు. మొహం మాడదూ మరి! ముందు రోజే వెళ్లి "ఈ వీధిలో కేసులెక్కువగా ఉన్నాయండీ, ఇక్కడ లైను ఎటు పోతుంది?" అని అడిగి ఉంటే ఆయన మీ పక్కనే నిలబడి మాట్లాడేవారేమో.

నేనేం తక్కువ తినలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకచోట కేసులు ఆగడం లేదు, నీటి నమూనాలు మాత్రం వరుసగా బాగున్నాయనే వస్తున్నాయి. ల్యాబ్ వాళ్లకు పని రాదని తీర్మానించేశాను. పది రోజుల తర్వాత, నమూనాలు తెచ్చే కుర్రాడు మెట్ల దగ్గర కనిపిస్తే ఊరికే పలకరించాను. "మందు వేసిన సీసాలు ఎప్పుడో అయిపోయాయి మేడం, మామూలు సీసాల్లోనే తెస్తున్నా" అన్నాడు. ఆ మందు సోడియం థయోసల్ఫేట్. నీళ్లలో మిగిలిన క్లోరిన్‌ను అది అక్కడికక్కడే విరిచేస్తుంది. అది లేకపోతే క్లోరిన్ దారి పొడవునా తన పని తాను చేసుకుపోతుంది. ల్యాబ్‌కు చేరేసరికి సూక్ష్మజీవులు చచ్చి, నీళ్లు శుభ్రంగా కనిపిస్తాయి. "మరి చెప్పలేదేం?" అన్నాను. "ఎవరూ అడగలేదు కదండీ" అన్నాడు. నా మీటింగులకు అతన్ని ఒక్కసారైనా పిలిచిన పాపాన పోలేదు.

1854 లండన్ కలరా కథ మీరు క్లాసులో చదివే ఉంటారు. బ్రాడ్ స్ట్రీట్ చుట్టుపక్కల పది రోజుల్లో 500 మందికి పైగా పోయారు. డాక్టర్ జాన్ స్నో ఆ వీధి పంపునీళ్లను అనుమానించి, సెప్టెంబర్ 7న స్థానిక పాలకులకు చెప్పారు. మర్నాడే పంపు పిడి తీసేశారు. పాఠం సాధారణంగా అక్కడితో ఆపేస్తారు. నాకు మాత్రం తర్వాతి భాగమే ఇష్టం. ఆ పేటలోనే పనిచేసే హెన్రీ వైట్‌హెడ్ అనే యువ మతగురువుకు స్నో మాట మీద నమ్మకం లేదు, అది తప్పని రుజువు చేద్దామనే బయల్దేరారు. ఆయనకు ఇంటింటి మనుషులూ తెలుసు. ఒక్కో ఇంటికి మళ్లీ మళ్లీ వెళ్లి, ఎవరు ఏ నీళ్లు తాగారో అడిగారు. అడిగేకొద్దీ ఆయన మనసే మారింది. ఆ పంపు పక్కింట్లో కలరా విరుచుకుపడటానికి ముందే విరేచనాలు పట్టుకుని, తర్వాత చనిపోయిన పసిబిడ్డ సంగతి బయటపెట్టిందీ ఆయనే. ఆ బిడ్డ గుడ్డలు ఉతికిన నీళ్లు పోసిన గుంత, ఆ పంపు కింది బావికి మూడడుగుల లోపే ఉందని తవ్వితే తేలింది. స్నో దగ్గర లెక్క ఉంది, వైట్‌హెడ్‌కు గడపలు తెలుసు. మీ ఇంజినీరు మీతో విభేదిస్తున్నారా? అయితే మరీ మంచిది, ముందు ఆయన్నే ఆ వీధికి వెంట తీసుకెళ్లండి.

ఇక మీ ఆఫీసర్ ప్రశ్న. అది కోపం కాదు, ఆయనకు నిజంగానే తెలియలేదు. అమెరికా నౌకాదళ జలాంతర్గాముల్లో పుట్టి ఆసుపత్రుల్లోకి వచ్చిన, విషయం చెప్పే ఒక వరుస ఉంది: పరిస్థితి, నేపథ్యం, నా అంచనా, నేను కోరేది. నేనైతే చివరిది ముందుకు లాగుతాను. "సార్, ఈ సాయంత్రంలోగా ఫలానా వాల్వు మూసి, ట్యాంకరు పంపాలి. ఎందుకంటే..." ఇలా మొదలుపెట్టి చూడండి. మూడు స్లయిడ్లు చాలు. మిగతా పంతొమ్మిదీ దగ్గరే ఉంచుకోండి, అడిగితే చూపిద్దురుగాని.

ప్రశ్న: ఇంటింటికీ తిరిగి ఓఆర్ఎస్ గురించి చెబుతుంటాను. "అర్థమైందా?" అంటే అందరూ తల ఊపుతారు. మళ్లీ వెళ్తే తప్పుగానే కలుపుతుంటారు. ఏం చేయను మేడం?

జవాబు: "అర్థమైందా?" అంటే ఎవరైనా అవుననే అంటారు, నేనూ అంటాను. దానికి బదులు "నేను సరిగ్గా చెప్పానో లేదో తెలియడం లేదు, ఓసారి కలిపి చూపిస్తారా?" అనండి. తప్పు మీ మీద వేసుకుంటే వాళ్లకు చిన్నతనం ఉండదు. లీటరు నీళ్లలో కలపాల్సిన ప్యాకెట్టును ఒకావిడ గ్లాసు నీళ్లలో గుమ్మరించబోతుంటే నేను చెయ్యి అడ్డం పెట్టాను. అంత చిక్కగా తాగితే బిడ్డ ఒంట్లో ఉప్పు పెరిగి అసలుకే మోసం వస్తుంది. పాపం, ఆవిడ అంతకుముందు మూడుసార్లు తల ఊపింది. ఆ ఇంట్లో లీటరు పట్టే గిన్నె ఏదో నేనూ అడగలేదు. ఇద్దరం కలిసి వెతికితే ఒక సీసా దొరికింది, లీటరుకు ఎక్కడిదాకా పోయాలో దానిమీద గీత గీసి వచ్చాను.