"అన్నీ ఒక్కటే" అనుకున్నంత కాలం ఏ మతమూ అర్థం కాదు

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: సంప్రదాయ కుటుంబంలో పెరిగి ఉద్యోగం కోసం విశాఖపట్నం వచ్చారు. ఇక్కడ మీ చుట్టూ ముస్లింలు, రకరకాల క్రైస్తవులు, దేవుణ్ణే నమ్మనివాళ్లు ఉన్నారు. వాళ్ల నమ్మకాలను పైపైన కాకుండా లోపలి నుంచి అర్థం చేసుకోవాలని ఉంది. దానికి అందరి గ్రంథాలూ చదవాలా, చదివితే సొంత నమ్మకం ఏమవుతుంది, ఈ ఊళ్లో ఎక్కడ మొదలుపెట్టాలి?

నేను వన్ టౌన్‌లో పుట్టి పెరిగాను. ఓడరేవు పనులు చూసే ఒక కార్యాలయంలో లెక్కల విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. మా ఇంటికి దగ్గరలోనే మూడు కొండలు ఉన్నాయి. ఒకదాని మీద వేంకటేశ్వరస్వామి గుడి, ఒకదాని మీద మేరీమాత చర్చి, ఒకదాని మీద ఇషాక్ మదీనా బాబా దర్గా. ఊరికి వచ్చిన ప్రతివారికీ వాటిని చూపించి "చూశారా, మూడు మతాలూ పక్కపక్కనే, అన్నీ ఒక్కటే" అంటారు. పక్కపక్కన ఉండడం గొప్ప విషయమే, ఆ గొప్పతనం మీద నాకు ఎంతో అభిమానం. కానీ "అన్నీ ఒక్కటే" అన్నమాట మీ ప్రయత్నానికి పెద్ద అడ్డంకి. అందుకే జవాబు ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

"నదులన్నీ సముద్రంలోనే కలుస్తాయి" అని మనం ఎంతో ఉదారంగా అంటాం. కొంచెం ఆగి చూడండి. ఆ వాక్యం మతాలన్నిటికీ బయట నిలబడి చెప్పిన మాట కాదు. అదే ఒక మతదృష్టి, మన ఇళ్లలో పెరిగినవాళ్లకు సహజంగా వచ్చే దృష్టి. దేవుడు ఒక్కడే, ప్రవక్తలలో ముహమ్మద్ చివరివారు అని నమ్మే మనిషి తనను ఆ నదుల్లో ఒకడిగా చూసుకోడు. రక్షణ క్రీస్తు ద్వారానే అని నమ్మే మనిషీ చూసుకోడు. వాళ్లు చెప్పేది వినకముందే వాళ్ల తరఫున మనం సమాధానం చెప్పేస్తున్నాం. వాళ్లు మనతో నిజంగా విభేదిస్తున్నారని ఒప్పుకోవడమే వాళ్లకు ఇచ్చే మొదటి మర్యాద అని నేను గట్టిగా నమ్ముతాను.

ఇక గ్రంథాల సంగతి. చదవండి, కానీ వాటితో మొదలుపెట్టకండి. మతాల అధ్యయనంలో పేరున్న బ్రిటన్ ఆచార్యుడు నినియన్ స్మార్ట్ (1927–2001) ఏ మతాన్నైనా ఏడు వైపుల నుంచి చూడమన్నాడు: ఆచారాలు, కథలు, అనుభవం, సిద్ధాంతం, నీతి, సంఘం, చివరికి గుళ్లూ విగ్రహాల వంటి వస్తువులు. దేవుడి ప్రసక్తి లేని ఆలోచనా విధానాలను కూడా ఇదే చూపుతో చూడవచ్చన్నాడు. గ్రంథం మీకు ప్రధానంగా సిద్ధాంతాన్నీ కథనూ ఇస్తుంది. మిగతావి మనుషుల దగ్గరే దొరుకుతాయి. అందుకే "మీరు ఏం నమ్ముతారు?" అని అడిగితే పాఠం అప్పజెప్పినట్టు జవాబు వస్తుంది. "మీ ఇంట్లో బిడ్డ పుడితే ఏం చేస్తారు, మనిషి పోతే ఏం చేస్తారు?" అని అడిగి చూడండి. గంటసేపు మాట్లాడతారు.

ముందు మీ మతం మీదే ఈ చూపు పెట్టండి, ఎందుకంటే మనది మనకు తెలుసనుకుంటాం. సింహాచలంలో వరాహ లక్ష్మీనృసింహస్వామి ఏడాదంతా చందనం పూతలో ఉంటాడు. నిజరూపం కనబడేది వైశాఖ శుద్ధ తదియ నాడు, అంటే అక్షయ తృతీయ ఒక్కరోజే. తర్వాత మూడేసి మణుగుల చొప్పున నాలుగు విడతలుగా మళ్లీ చందనం సమర్పిస్తారు. ఎందుకు? స్వామిది ఉగ్రరూపం, ఆ వేడి చల్లారాలి. ఇందులో ఉన్న ప్రపంచాన్ని గమనించండి. దేవుడు ఇక్కడ ఒక సిద్ధాంతం కాదు. ఆయనకు శరీరం ఉంది, తాపం ఉంది, మనం చేసే సేవ ఆయనకు చేరుతుంది. ఆషాఢంలో గిరి ప్రదక్షిణ నాడు సుమారు 32 కిలోమీటర్లు కాలినడకన కొండ చుట్టూ తిరిగే లక్షల మందిలో విశిష్టాద్వైతం, అంటే జీవుడికీ దేవుడికీ ఉన్న సంబంధాన్ని చెప్పే వైష్ణవ సిద్ధాంతం, వివరించగలిగేవాళ్లు కొద్దిమందే ఉంటారు. అంతమాత్రాన వాళ్లకు మతం తెలియదని నేను అనను. దారి పొడవునా నీళ్లూ మజ్జిగా ఇచ్చే కాలనీవాళ్లకు ఆ రాత్రి నడిచేవాళ్ల సేవే స్వామి సేవ.

అక్కడి నుంచి బురుజుపేట రండి. కనకమహాలక్ష్మి అమ్మవారికి నెత్తిన కప్పు లేదు. ఆరుబయట ఉంటుంది. ఎవరైనా నేరుగా వెళ్లి తమ చేతులతోనే పసుపు కుంకుమలతో పూజ చేసుకోవచ్చు. మార్గశిర గురువారాల్లో ఆ వీధుల్లో అడుగు తీసి అడుగు వేయలేం. నిజరూపం కోసం ఏడాదంతా ఎదురుచూడాల్సిన స్వామి ఒకవైపు, ఎండలో వానలో అందరి చేతికీ అందే తల్లి ఒకవైపు. జనాభా లెక్కల్లో రెండూ ఒకే గడిలో పడతాయి. కానీ దైవానికీ మనిషికీ మధ్య దూరం ఎంత అనే ప్రశ్నకు ఈ రెండు చోట్లా జవాబు ఒకటి కాదు. మన మతంలోనే ఇంత తేడా ఉన్నప్పుడు "ముస్లింలు ఏమంటారు", "క్రైస్తవులు ఏమంటారు" అనే ప్రశ్నలకు ఒక్క వాక్యంలో జవాబు వస్తుందని ఆశించకండి.

నాతో పనిచేసిన ఇద్దరు ముస్లిం మిత్రుల సంగతి చెబుతాను. ఇద్దరూ నమాజు తప్పనివాళ్లు, రంజాన్ ఉపవాసాలు వదలనివాళ్లు. ఒకాయన వీలైనప్పుడల్లా దర్గాకు వెళ్లి సమాధి మీద చాదర్, అంటే వస్త్రం, కప్పించేవాడు. వలీ అంటే అల్లాకు ఇష్టమైనవాడు, ఆయన సన్నిధిలో చేసే దువాకు, అంటే ప్రార్థనకు, బలం ఎక్కువ అని ఆయన భావన. రెండో ఆయన ఆ కొండ ఎక్కేవాడు కాదు. సమాధి దగ్గర అడగడం అల్లాకు మాత్రమే చెందినదాన్ని మరొకరికి పంచడమేనని ఆయన బాధ. ఒకాయనది ఉదార ఇస్లాం, ఒకాయనది ఛాందస ఇస్లాం అని మా కార్యాలయంలో కొందరు తేల్చేశారు. దర్గాకు మనమూ వెళతాం కాబట్టి వెళ్లే ఆయన మనకు నచ్చాడు, అంతే. రెండో ఆయన చెప్పేది తన నమ్మకంలో నడిబొడ్డున ఉన్న మాట: దేవుడు ఒక్కడే అయితే ఆయనకూ నాకూ మధ్య మరెవరూ అక్కర్లేదు. ఆ మాటలోని ధైర్యం అర్థమైన రోజు నాకు ఇస్లాం గురించి చాలా తెలిసింది.

ప్రసాదం విషయమూ అలాంటిదే. దసరాకు ఆయుధపూజ చేసి అందరికీ పంచేవాళ్లం. ఒక క్రైస్తవ సహోద్యోగి నవ్వుతూ చేతులు జోడించి వద్దనేవాడు. మరొకాయన, కేథలిక్, తీసుకుని తినేవాడు. మొదటాయనకు పొగరని గొణుక్కున్నవాళ్లున్నారు. నేను ఆయన్నే అడిగాను. బైబిల్లో పౌలు కొరింథీయులకు రాసిన మొదటి లేఖ ఎనిమిదో అధ్యాయం చూడమన్నాడు. ఇంటికి వెళ్లి చదివాను. విగ్రహాలకు అర్పించిన ఆహారం గురించి దాదాపు రెండు వేల ఏళ్ల కిందట ఒక చిన్న సంఘంలో వచ్చిన తగాదా అది. విగ్రహం వట్టిదే కాబట్టి తింటే నష్టం లేదంటాడు పౌలు. అయినా నీ తిండి వల్ల బలహీనుడైన సోదరుడి మనస్సాక్షి దెబ్బతినేటట్లయితే మానుకోమంటాడు. మా ఇద్దరు మిత్రుల మధ్య తేడా అంతా ఆ ఒక్క అధ్యాయంలో ఇమిడి ఉంది. గ్రంథం ఇలా చదవాలి: మనిషి చేసే పని ముందు చూసి, దాని వేరు వెతుక్కుంటూ వెళ్లి.

2014 అక్టోబరు 12, హుద్‌హుద్ తుఫాను వచ్చిన ఆదివారం. ఆ తర్వాత రోజులు కరెంటు లేకుండా, ఫోన్లు లేకుండా గడిచాయి. మా వీధివాళ్లందరం నీళ్ల ట్యాంకరు కోసం బయటే నిలబడి మాట్లాడుకునేవాళ్లం. అమ్మ ఇది ఊరు మూటగట్టుకున్న పాపం అంది. పక్కింటి క్రైస్తవ పెద్దావిడ ఎందుకు వచ్చిందన్న ఊసే ఎత్తలేదు. పిల్లలు బతికారు, స్తోత్రం అంది. ఎదురింటి ముస్లిం బాబాయి ఇది పరీక్ష, సహనం పట్టాలి అన్నాడు. జాలరిపేట నుంచి చేపలు తెచ్చే ఆవిడ గంగమ్మకు కోపం వచ్చిందంది. దేవుణ్ణి నమ్మని మా మిత్రుడొకడు వేడెక్కిన సముద్రం గురించి వివరించి, "గాలికి అందరూ సమానమే, పైకప్పులే సమానం కావు. రేకులున్న ఇళ్లే ఎందుకు లేచిపోయాయో అది అడగండి" అన్నాడు.

ఆ మాటలు నేను ఈరోజుకీ తలచుకుంటాను. ఒక ప్రశ్నకు ఐదు జవాబులు రాలేదక్కడ. అవి ఐదు వేరు వేరు ప్రశ్నలు. అమ్మది కారణం గురించి. పెద్దావిడది కృతజ్ఞత గురించి. బాబాయిది ఇప్పుడు ఎలా ఉండాలన్నదాని గురించి. చేపల ఆవిడది, రోజూ తిండి పెట్టే సముద్రంతో తెగిన బంధుత్వం గురించి. మిత్రుడిది న్యాయం గురించి. ఒక నమ్మకాన్ని ప్రపంచదృష్టిగా చూడడమంటే నాకు తెలిసినంతలో ఇదే: అది ఏ ప్రశ్నను అన్నిటికంటే ముఖ్యమైనదిగా ఎంచుకుందో పట్టుకోవడం. నాస్తికుడికి దేవుడు లేడు కాబట్టి దృష్టీ లేదనుకునేవాళ్లకు ఆ మిత్రుడి మాట వినిపించాలనిపిస్తుంది. అతనికీ ఒక నీతి ఉంది, ఒక ఆశ ఉంది, చెప్పుకునే చరిత్ర ఉంది.

నాస్తికుల గురించి ఇంకో మాట. గోరా, అంటే గోపరాజు రామచంద్రరావు, 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు. 1947లో అది విజయవాడకు మారింది. మంత్రశక్తి, దైవశక్తి ఏవీ అక్కర్లేదని చూపించడానికి ఆ కేంద్రంవాళ్లు అందరి ముందూ నిప్పుల మీద నడిచారు. బొగ్గు నుంచి వేడి పాదానికి నెమ్మదిగా చేరుతుంది, అడుగు ఆనేది క్షణకాలం, త్వరగా నడిస్తే కాలదు. మన పల్లెల్లో అమ్మవారి జాతరలకూ నిప్పుల గుండం తొక్కుతారు. పని ఒకటే, కానీ తన శక్తితో నిప్పును చల్లార్చానని చెప్పి డబ్బు గుంజే బాబాకు మాత్రమే నాస్తికుల నడక సరైన జవాబు. జ్వరం తగ్గిన బిడ్డ కోసం మొక్కు తీర్చుకుంటున్న తల్లికి అది జవాబు కాదు. ఆమె నిప్పు గుణం గురించి ఏమీ అనడం లేదు, బాకీ తీరుస్తోంది. ఈ రెండింటినీ కలిపేసి వాదించుకోవడంలో మన ఊళ్లలో ఎన్నో సాయంత్రాలు వృథా అయ్యాయి.

అర్థం చేసుకోవడం అంటే ఒప్పుకోవడం అని మాత్రం అనుకోకండి. చేతబడి చేశారన్న అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు మనం చదువుతూనే ఉన్నాం. ఆ భయం ఎక్కడి నుంచి వస్తుందో తెలుసుకోవాలి, ఎందుకంటే తెలియకుండా దాన్ని మాన్పించలేం. కానీ "అది వాళ్ల నమ్మకం" అని వదిలేయడానికి వీల్లేదు. కులం పేరుతో గుడి గడప దగ్గర మనిషిని ఆపినా అంతే. నేను ఒక కొలత పెట్టుకున్నాను: ఒక ఆచారం వల్ల బాధపడేది ఎవరో, వాళ్ల నోటి నుంచి ఆ ఆచారం గురించి వినకుండా అది నాకు అర్థమైందని అనుకోను.

మీ నమ్మకం ఏమవుతుందన్నారు. నేను ఇప్పటికీ సింహాచలం వెళతాను, తలనీలాలు ఇస్తాను. అయితే ఇప్పుడు నా నమ్మకం ఇతరులకు ఎలా కనబడుతుందో నాకు తెలుసు. చందనం పూసిన మూర్తిని చూసి, దర్గాకు వెళ్లని నా ముస్లిం మిత్రుడు "సృష్టికర్తకు మన చందనం ఎందుకు?" అనుకుంటాడని తెలుసు. ఆ ప్రశ్న నాలోనూ కొంత ఉండిపోయింది. దానివల్ల భక్తి తగ్గలేదు, కానీ మునుపటంత నిశ్చింతగానూ లేదు. ఆ మాత్రం కదలికకు సిద్ధపడితేనే మొదలుపెట్టండి. వేరేవాళ్ల నమ్మకాన్ని నిజంగా విన్నవారెవరూ వినకముందులాగే ఉండిపోవడం నేను చూడలేదు.

ఎక్కడ మొదలుపెట్టాలంటే, నా సలహా తొట్లకొండ. భీమిలి దారిలో మంగమారిపేట దగ్గర ఉంది. దాదాపు రెండు వేల ఏళ్ల కిందటి బౌద్ధ ఆరామం. ఇప్పుడు అక్కడ భిక్షువులు లేరు, వాదించేవాళ్లు లేరు, కాబట్టి తీరిగ్గా ఆలోచించుకోవచ్చు. స్తూపం, భిక్షువుల గదులు, రాతిలో తొలిచిన నీటి తొట్లు చూడండి. సృష్టికర్తను మెప్పించే పని పెట్టుకోకుండా, దుఃఖం ఎందుకు పుడుతుంది, ఎలా ఆగుతుంది అన్న ప్రశ్న చుట్టూ జీవితాలను కట్టుకున్నవాళ్లు ఆ గదుల్లో ఉన్నారు. తర్వాత దర్గాకూ కొండమీది చర్చికీ ఒంటరిగా కాక, అక్కడికి మామూలుగా వెళ్లే మిత్రుడితో వెళ్లండి. దర్గాలో తల కప్పుకోవాలి, చెప్పులు బయట విడవాలి. చర్చిలో ప్రార్థన జరుగుతుంటే వెనక బల్ల మీద కూర్చోండి. దివ్యప్రసాదం ఇచ్చే సమయంలో వరుసలో నిలబడకండి, అది బాప్తిస్మం పొందినవాళ్లకు. ఫోటోలు అడిగి తీయండి. తొట్లకొండ మీద నీడ తక్కువ, పొద్దున్నే వెళ్లండి, నీళ్ల సీసా మరిచిపోకండి.